మా సేటు గురువారాలు

మా సేటు చనిపోయారని ఆయన ప్లాంటులో పనిచేసే శాంతాబాయి మొన్న ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఎల్లారెడ్డిలో మా ఆన్‌లైన్ సెంటర్‌లో కూర్చుని ఒక రైతుకు భూమి కాగితాలు ప్రింట్ తీస్తున్నాను. "సేటు పోయిండు చెల్లె" అంది. నా ముఖం చూసి ఆ రైతు "ఏమైంది మేడం? మీ వాళ్లెవరన్ననా?" అని అడిగాడు. సేటు నాకు చుట్టం కాదు. ఆయన దగ్గర పని మానేసి కూడా చాలా కాలమైంది. అయినా "మా వాళ్లే" అని చెప్పి, సెంటర్ మూసేసి ఇంటికి వెళ్లిపోయాను.

మర్నాడు కామారెడ్డి వెళ్లాను. ఇంటి ముందు టెంటు కింద కూర్చున్నవాళ్లు ఆయన గురించి మంచిగానే చెప్పుకుంటున్నారు. తూకంలో మోసం ఎరుగడని ఒకరు, ఇచ్చిన మాట తప్పడని ఒకరు. గురువారాల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. మగవాళ్లకు అది తెలియదు, తెలిసిన ఆడవాళ్లకు అది నలుగురిలో చెప్పుకునే ముచ్చట కాదు. అందుకే నేను చెబుతున్నాను.

కామారెడ్డి ఊరి బయట ఆయనకు విత్తనాల ప్లాంటు ఉంది. రైతులు పండించిన మొక్కజొన్న కంకులను అక్కడ ఎండబెట్టి, ఒలిచి, పుచ్చులు ఏరి, మందు పట్టించి సంచుల్లో నింపుతారు. ఏరే పనంతా ఆడవాళ్లదే. సీజన్ వచ్చిందంటే షెడ్డు నిండిపోయేది. నేను ఆఫీసులో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టేదాన్ని. నా కుర్చీ సేటు గది తలుపుకు ఎదురుగా ఉండేది కాబట్టి మిగతావాళ్ల కంటే ఆయన్ని ఎక్కువ చూశాను.

పొట్టి మనిషి. తెల్ల చొక్కా. అందరి జేబుల్లో పెన్నుంటే ఆయన జేబులో గింజలుండేవి, ఇంకా మందు పట్టించనివి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికేవారు. ఎండిందో లేదో చెప్పే మిషను ఆఫీసులోనే ఉంది కానీ ఆయనకు మిషను కంటే పన్ను మీదే నమ్మకం. ఎవరికైనా వంగి దండం పెడితే జేబులోంచి గింజలు జలజలా రాలేవి. కలెక్టరాఫీసులో కూడా రాలాయని ఆయన డ్రైవర్ చెప్పి నవ్వేవాడు. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఊరుకునేవారు కాదు. సంచులు కట్టే సుతిలి తాడు ముక్క కనిపిస్తే తీసి వేలికి చుట్టుకునేవారు, సాయంత్రానికి ఆ వేలు కట్టు కట్టినట్టు లావయ్యేది. గేటు దగ్గర లారీ డ్రైవర్లతో గొంతు పోయేలా కొట్లాడి, ఆ డ్రైవర్‌నే పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ తాగించేవారు.

అంత గొంతున్న మనిషికి ఆడవాళ్ల సంగతులు వస్తే మాత్రం నోరు పెగిలేది కాదు. ఎవరైనా కడుపుతో ఉన్నారని చెప్పాల్సి వస్తే "ఆమెకు... అదీ... ఇంట్ల ముచ్చట" అని చెయ్యి గాలిలో తిప్పి ఊరుకునేవారు. మేమే అర్థం చేసుకోవాలి. అలాంటి మనిషి మా ప్లాంటులో మొదలుపెట్టిన పని మొత్తం ఆయన పలకలేని మాటలతోనే నిండి ఉండేది.

దానికి కారణం శాంతాబాయే. ఆమెది మద్నూర్. మాట మధ్యలో మరాఠీ దొర్లుతుంది. కామారెడ్డికి కోడలిగా వచ్చి మా షెడ్డులో ఏరే పనికి చేరింది. ఒక ఏడు ఆమెకు ఆరో నెలలో కడుపు పోయింది. వారం తిరగకముందే పనిలోకి వచ్చేసింది. గేటు దగ్గర సేటు ఆపారు. నేను అప్పుడే బస్సు దిగి వస్తున్నాను.

"గప్పుడే ఎందుకొచ్చినవు?"

"ఇంట్ల కూసుంటే ఇంకింత ఏడుపొస్తది సేటూ."

"డాక్టర్లేమన్నరు మరి?"

"రక్తం తక్కువున్నదన్నరు. మొదట్నుంచి తక్కువేనంట. కడుపు రాకముందే చూపించుకొని, గోలీలు మింగి, గప్పుడు కనాల్నంట. నాకేం తెలుసు సేటూ? ముందుగాల చెప్పేటోళ్లు మాకెవలున్నరు?"

ఆమె జవాబు కోసం అడగలేదు. కడుపులో బాధ కొద్దీ అంది, కొంగు నడుముకు చుట్టుకుని షెడ్డులోకి వెళ్లిపోయింది. సేటు మాత్రం ఆ ప్రశ్న తననే అడిగిందనుకున్నారు. ఆ రోజంతా గదిలో అటూ ఇటూ తిరిగారు. సాయంత్రం నేను బయల్దేరుతుంటే పిలిచి, "కామారెడ్డిల రిటైరైన ఆడ డాక్టరమ్మలు ఎవరన్న ఉన్నరా బిడ్డా?" అన్నారు. ఎందుకని అడిగితే, "శాంతాబాయి అడిగింది గదా" అన్నారు. అంతే. ఆయన ఇంట్లో ఏదో దుఃఖం జరిగి ఉంటుందని, అందుకే ఇదంతా చేశారని తర్వాత చాలామంది అనుకున్నారు. నాకు తెలిసి అలాంటిదేమీ లేదు. ఒక మనిషి అడిగింది, ఆయన విన్నారు.

సర్కారు దవాఖానాలో పనిచేసి రిటైరైన ఒక డాక్టరమ్మ దొరికారు. ప్రతి గురువారం వచ్చి, పిల్లల్ని కనాలనుకునేవాళ్లను ముందుగానే చూస్తానని, రక్త పరీక్షలు చేయిస్తానని ఒప్పుకున్నారు. పరీక్షలకూ మందులకూ అయ్యేది ప్లాంటుదే. మొదటి గురువారం సేటు మైకు పట్టుకుని, "పెండ్లయినోళ్లు... ఇంక... అదీ... లోపటికి పోండ్రి" అన్నారు. షెడ్డులో ఒక్కరు కూడా కదల్లేదు. రెండో గురువారమూ అంతే. డాక్టరమ్మ స్టోర్ పక్కన వేసిన బల్ల దగ్గర పేపరు చదువుకుని వెళ్లిపోయారు.

మూడో వారం సేటుకు కోపం వచ్చింది. షెడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డారు. "ఇత్తనం ఏసే ముందు చెలక దున్నుతమా లేదా? ఎరువు పోస్తమా లేదా? గిది గూడ గట్లనే. సమజైతలేదా మీకు?"

శాంతాబాయి తల ఎత్తలేదు. చేతులు గింజలు ఏరుతూనే ఉన్నాయి. "మేం చెలక కాదు సేటూ. మనుషులం."

శాంతాబాయి పని అయిపోయిందనే అందరం అనుకున్నాం. సేటు జేబులోంచి ఒక గింజ తీశారు. కొరకలేదు. మళ్లీ జేబులోనే వేసుకున్నారు.

"నిజమే," అన్నారు చివరికి. "తప్పు మాటన్న. మరి ఎందుకు పోతలేరో చెప్పు."

"ఎవరు పిల్లల్ని కంటరో మీకు ముందే తెలిసిపోతది. సీజన్‌ల గసొంటోళ్లను పనికి రావొద్దంటరు. గందుకే."

"నేను గట్ల చేస్తనా?"

"మీరు చెయ్యరేమో. మాకెట్ల తెలుస్తది?"

ఆ చెలక పోలిక ఆయన నోట మళ్లీ ఎప్పుడూ వినలేదు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే. తాను జీతమిచ్చే మనిషి పదిమందిలో తన తప్పు ఎత్తి చూపితే, "నిజమే" అని ఒప్పుకునే యజమానిని అంతకు ముందు నేను చూడలేదు.

ఆ తర్వాతి గురువారం పొద్దున్నే ఆయన తన గదిలోంచి ఫైళ్లూ కుర్చీ బయట పెట్టించారు. ప్లాంటు మొత్తంలో లోపలి నుంచి గొళ్లెం పడే తలుపు, ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. అది గురువారం ఆడవాళ్లదన్నారు. తాను పోయి లారీలు తూకం వేసే కాటా దగ్గర, గదికి వీపు పెట్టి కూర్చున్నారు. ఎండాకాలం వచ్చినా అక్కడే. తుండుగుడ్డ తడిపి తల మీద వేసుకుని ఫోన్లు మాట్లాడుకునేవారు. పెళ్లయినా కాకపోయినా, పిల్లలు కావాలన్నా వద్దన్నా, ఎవరైనా లోపలికి పోవచ్చని, పోయిన టైము కూడా పని కిందే లెక్కని శాంతాబాయితోనే షెడ్డులో చెప్పించారు. పేషెంట్ల కాగితాలు ఒక్కటి కూడా ప్లాంటులో ఉంచవద్దని, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరమ్మకు చెప్పారు. "నేనడిగినా చెప్పొద్దు" అన్నారు.

ఒకసారి నిజంగానే అడిగారు. సీజన్ ముంచుకొస్తోంది, మనుషులు సరిపోవడం లేదు. వచ్చే రెండు మూడు నెలల్లో ఎంతమంది పనికి దూరమవుతారో కొంచెం చెప్పమని తలుపు బయట నుంచే అడిగారు. "మీరడిగినా చెప్పొద్దన్నారు కదా" అన్నారు డాక్టరమ్మ లోపలి నుంచి. సేటు వెనక్కి తిరిగి నా వైపు చూసి, "గట్టి మనిషే" అన్నారు. ఆయన ముఖంలో సంతోషం చూశాను.

మొదట శాంతాబాయి వెళ్లింది. తర్వాత ఒక్కొక్కరూ. మళ్లీ ఏడాదికి ఆమె కడుపుతో ఉంటే సేటు ఆమెను నిలబడే పని నుంచి తీసి కూర్చుని లేబుళ్లు అతికించే పనిలో వేశారు. కాన్పయి తిరిగి వచ్చేదాకా ఆమె చోటు ఆమెకే ఉంచారు. అది చూశాక షెడ్డులో అనుమానం పోయింది.

మా వైపు ఇళ్లల్లో సగం మంది మగవాళ్లు గల్ఫ్‌లోనే. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. పిల్లలు కావాలంటే ఆ రెండు నెలల్లోనే. అందుకే డాక్టరమ్మ ఎవరిని చూసినా మొదట అడిగేది "మీ ఆయన ఎప్పుడొస్తున్నాడు?" అని. అతను వచ్చే మూడు నెలల ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ గోలీలు మొదలుపెట్టించేవారు. రక్తం తక్కువుంటే పెంచేవారు. థైరాయిడ్, బీపీ, షుగర్ చూసేవారు.

మా ఆయన కూడా మస్కట్‌లో ఉండేవాడు. నాకు అప్పటికి రెండుసార్లు కడుపు పోయింది. మొదటిది రెండో నెలలో, రెండోది ఐదో నెలలో. మా అత్తమ్మ ప్రతి ఆదివారం చర్చిలో నా కోసం మోకాళ్ల మీద ప్రార్థన చేసేది. ఆయన సెలవుకు ఇంకా నెల ఉందనగా నేను గదిలోకి వెళ్లాను. గోలీలు రాసిస్తారు, తెచ్చుకుందామనుకున్నాను. రక్త పరీక్ష వచ్చాక డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి షుగర్ ఉందని చెప్పారు. ఎప్పటి నుంచో ఉండి ఉంటుందట. ముప్పై ఏళ్లు కూడా రాలేదు నాకు. మా ఇంట్లో షుగర్ అంటే ముసలివాళ్ల రోగం.

"అది అదుపులోకి రావాలి. అప్పటిదాకా కడుపు వద్దు. ముందు పోయినవాటికి కూడా ఇదే కారణం కావచ్చు," అన్నారు.

"ఎన్ని రోజులు మేడం?"

"మూడు, నాలుగు నెలలు."

"ఆయన వచ్చే నెల వస్తున్నాడు. మళ్లీ రెండేళ్లకు గాని రాడు."

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకున్నారు.

ఇంట్లో షుగర్ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఈసారికి ఆగమన్నారని మాత్రం చెప్పాను. మా అత్తమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. మర్నాడు నాతోపాటే ఎల్లారెడ్డిలో బస్సెక్కింది. లింగంపేట దగ్గర సీటు దొరికితే నాకు దూరంగా వెళ్లి కూర్చుంది. ప్లాంటులో అడుగు పెట్టగానే నేరుగా సేటు దగ్గరికి పోయింది.

"దేవుడిచ్చేదాన్ని ఆపనీకి మీరెవలు? పనిచేపిచ్చుకోండ్రి, పైసలియ్యిండ్రి. మా ఇంట్ల మనుమలు పుట్టాల్నో వద్దో గూడ మీ కంపిని చెప్తదా?"

సేటు తన కుర్చీలోంచి లేచి ఆమెను అందులో కూర్చోబెట్టారు. తాను నిలబడ్డారు. చాయ్ తెప్పించారు. ఆమె తిట్టినంతసేపూ వింటూ నిలబడ్డారు. లారీ డ్రైవర్ల మీద లేచే ఆ గొంతు అసలు పైకి రాలేదు. ఆమె ఆగాక, "నాకేం తెల్వదు అవ్వా. లోపల ఏం మాట్లాడుకుంటరో నాకు చెప్పరు. నీ కోడలు చెప్తే వినాలె, లేకపోతే లేదు," అన్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచారు. "డాక్టరమ్మను పిలిపించి చెప్పిద్దమా బిడ్డా? నువ్వు వద్దంటే వద్దు."

"నేనే చెప్పుకుంటా సేటూ," అన్నాను.

అక్కడే, ఆయన గదిలోనే చెప్పాను. సేటు తలుపు దగ్గరికి వేసి బయటికి వెళ్లిపోయారు. మా అత్తమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. "మరి గిన్ని రోజులు ఒక్కదానివే మోసినవా?" అంది. ఆమెకు వచ్చింది కోపమని ఇంటి నుంచి అక్కడిదాకా అనుకున్నాను, నిజానికి భయం. మూడోది కూడా పోతుందేమోనని నాకెంత భయమో ఆమెకూ అంతే.

అత్తమ్మ వెళ్లిపోయాక సేటు వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. "రోగమేందో నాకు చెప్పకు. నీకు ఏం గావాల్నో అది చెప్పు."

"మా ఆయన సెలవు నాలుగు నెలలు ఆలస్యంగ పడాలె సేటూ. రాత్రి ఫోన్‌ల చెప్తే ఆయన అడిగిండు, ఫోర్‌మన్ ఒప్పుకుంటలేడంట."

"ఆ ఫోర్‌మన్ నంబరున్నదా?"

ఫోర్‌మన్ పెషావర్ వైపు మనిషి. సేటుకు చిన్నప్పుడు చదువుకున్న ఉర్దూ వచ్చు. ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని, మస్కట్‌కు నేరుగా వినిపించేలా మొదలుపెట్టారు. ముందు అక్కడి ఎండల గురించి అడిగారు. ఇక్కడి వానల గురించి చెప్పారు. మొక్కజొన్న ధర చెప్పారు. అసలు సంగతి దగ్గరికి వచ్చి "ఘర్ కా మామ్లా హై, భాయీసాబ్" అని ఆగారు. ఇంటి విషయం అని అర్థం. అవతలివాడు ఏం విషయమని అడుగుతున్నాడు. ఈయన మళ్లీ "ఘర్ కా మామ్లా" దగ్గరికే వస్తున్నారు. ఇలా ఎంతసేపు సాగిందో. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. ఆఖరికి అతను, అసలు మీరు మావాడికి ఏమవుతారని అడిగాడు.

సేటు ఒక్క క్షణం నన్ను చూశారు. తర్వాత ఉర్దూలో ఆయన చెప్పినదానికి అర్థం ఇది: "అతని భార్య మా దగ్గర పనిచేస్తుంది. నీ దగ్గర పనిచేసేవాళ్లు బాగుండాలని నీకెలా ఉంటుందో, నా దగ్గర పనిచేసేవాళ్లు బాగుండాలని నాకూ అలాగే ఉంటుంది."

తర్వాత అతను నవ్వడం నాకూ వినిపించింది. సెలవు మార్చుకోవడానికి ఇంకొక మనిషిని చూస్తానన్నాడు. రెండు రోజులకు మా ఆయన ఫోన్ చేసి సెలవు మారిందని చెప్పాడు. "మీ సేటు మా ఫోర్‌మన్‌ను ఏం చేసిండే? ఇయ్యాల పొద్దుగాల నాకు సలామ్ చేసిండు," అన్నాడు.

ఆ నాలుగు నెలలు నేను మందులు వేసుకుని, పొద్దున్నే చీకటి విడవకముందు అత్తమ్మతో కలిసి నడిచాను. ఆమె అన్నం తగ్గించి నా డబ్బాలో జొన్న రొట్టె పెట్టేది. షుగరున్నవాళ్లు వేళకు తినాలని డాక్టరమ్మ ఒకసారి అందరికీ చెబుతుంటే తలుపు బయట సేటు విన్నట్టున్నారు. సీజన్‌లో ఎంత పనున్నా అన్నం బెల్లు ఆలస్యం కావద్దని ఆర్డరేశారు. ఎవరి కోసమో ఆయనకు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

మా ఆయన వచ్చాక అతన్ని కూడా తీసుకురమ్మన్నారు డాక్టరమ్మ. గురువారం డాక్టరమ్మ దగ్గరికి వచ్చిన మొదటి మగ మనిషి అతనే. సిగ్గుతో గది దాకా రాలేక కాటా దగ్గరే నిలబడిపోయాడు. సేటు జరిగి చోటిచ్చారు. ఇద్దరూ చాలాసేపు లారీల వైపు చూస్తూ కూర్చున్నారు. "భయపడకు. మొదట నేను గూడ భయపడ్డ," అన్నారట సేటు. మా ఆయన లోపలికి వచ్చి పరీక్షలు చేయించుకున్నాడు. గుట్కా మానమంటే తల ఊపి, పోచారం డ్యామ్ చూడ్డానికి మేం పోయిన ఆదివారం నిజంగానే ఆ పొట్లం నీళ్లలో విసిరేశాడు. నీళ్లలో వేస్తావా అని నేను కోప్పడ్డాను కూడా.

అతను విమానమెక్కిన తర్వాత నాకు నెల తప్పిందని తెలిసింది. ఈసారి కడుపు నిలిచింది. మధ్యలో ఇన్సులిన్ సూదులు పడ్డాయి. భయపడని రోజు ఒక్కటి కూడా లేదు. కానీ ఏం జరుగుతోందో తెలిసి భయపడటానికి, ఏమీ తెలియక భయపడటానికి చాలా తేడా ఉంది. తర్వాత బిడ్డను చూసుకోవడానికి నేను పని మానేసి ఎల్లారెడ్డిలోనే సెంటర్ పెట్టుకున్నాను. సేటు గది ఇప్పటికీ గురువారం ఆడవాళ్లదేనని, ఆయన కూతురు దాన్ని అలాగే నడిపిస్తోందని శాంతాబాయి చెప్పింది.

ఆయన్ని తలుచుకుంటే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం నేను కన్న మర్నాడు. కామారెడ్డి దవాఖానాలో పెద్ద ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పొద్దుటి నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు. మహమ్మద్‌నగర్ నుంచి మా అమ్మవాళ్లు, చర్చి వాళ్లు, మస్కట్ నుంచి ఫోన్లు. ఎవరు వచ్చినా ముందు అడిగేది ఏం బిడ్డ, ఎంత బరువు, ఎవరి పోలిక. నేను మంచం మీద పక్కకు తిరగలేక పడుకుని ఉన్నాను.

మధ్యాహ్నం సేటు వచ్చారు. వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. మా అత్తమ్మ లేచి రమ్మంటే చెప్పులు విడిచి, తల వంచుకుని, అటూ ఇటూ ఉన్న మంచాల వైపు చూడకుండా నా మంచం దాకా వచ్చారు. పక్కనే ఉయ్యాల ఉంది. అటు చూడలేదు.

"నీ పానం మంచిగున్నదా బిడ్డా?"

"మంచిగున్నది సేటూ."

"నిజంగనేనా?"

నొప్పిగా ఉందని అప్పుడు చెప్పాను. పొద్దుటి నుంచి ఎవరికీ చెప్పలేదు. ఆయన వెళ్లి నర్సును పిలుచుకొచ్చారు. ఆమె సూది వేసేదాకా గోడ వైపు తిరిగి నిలబడ్డారు. "ఇంక పండుకో," అని చెప్పి బయల్దేరారు.

ఆడపిల్లో మగపిల్లాడో ఆయన అడగలేదని మా అత్తమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. చెబుదామని గబగబా గుమ్మం దాకా వెళ్లింది. అప్పటికే ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు.